నిచ్చెన కింద మనిషి

మా ఇంట్లో అటక ఉంది. నిచ్చెన లేదు. మా వంశచరిత్ర చాలావరకు ఈ రెండు ముక్కల్లోనే ఇమిడిపోయింది.

అటక మీంచి ఏదైనా దించాలంటే ముందు ట్రంకుపెట్టె, దానిమీద స్టూలు, స్టూలు మీద పీట, పీట మీద నేను. ఈ నాలుగంతస్తుల మేడ ఇన్నేళ్లూ బాగానే నిలబడింది గాని, నాకు డెబ్భై దగ్గర పడుతున్నకొద్దీ ఊగడం మొదలుపెట్టింది. ఊగేది స్టూలని నేనూ, కాదు మీరేనని మా ఆవిడా వాదించుకుంటూ ఉండగా, ఈ గొడవ హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి చెవిన పడి, వారం తిరక్కుండా ఓ మడత నిచ్చెన పంపించాడు.

అల్యూమినియం నిచ్చెన. మడిస్తే మంచం కింద పడుతుంది. నిటారుగా విప్పితే పన్నెండు మెట్లతో గోడకి చేరేసుకోవచ్చు. సగానికి విరిస్తే ఇంగ్లీషు 'ఎ' అక్షరంలాగా తనంతట తానే నిలబడుతుంది. ఇంకో రకంగా మడిస్తే 'ఎం' అక్షరమై, పైన పలక వేసుకుంటే చిన్న అరుగు అవుతుంది. మా అటక కోసం అక్షరాభ్యాసం మళ్లీ చెయ్యాల్సి వచ్చిందన్నమాట!

కూడా వచ్చిన కాగితాన్ని మా మనవడు చదివి వినిపిస్తుంటే మా ఆవిడ సంబరపడిపోయింది. "హమ్మయ్య! దీన్ని కింద ఎవరూ పట్టుకోనక్కర్లేదన్నమాట" అంది.

ఆ మాటకి మాత్రం నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. ఎందుకో చెబుతాను. కాని అంతకంటే ముందు నిచ్చెనగారి పుట్టుపూర్వోత్తరాలు కాస్త విన్నవించుకోవాలి.

నిచ్చెన అచ్చతెలుగు మాటలా కనిపిస్తుంది గాని, సంస్కృతంలోని 'నిశ్రేణి' అరిగి అరిగి నిచ్చెన అయిందని నిఘంటువులు చెబుతాయి. పక్కనున్న తమిళులు దీన్ని 'ఏణి' అంటారు. మాట సంగతి అలా ఉంచితే, వస్తువు మటుకు భాషలన్నిటికంటే పాతది కావచ్చు. స్పెయిన్ దేశంలో వలెన్సియా దగ్గర ఒక గుహలో సుమారు ఎనిమిది వేల ఏళ్లనాటి బొమ్మ ఒకటి ఉంది. ఒక మనిషి తాళ్లు పట్టుకుని పైకి పాకి తేనెపట్టులో చెయ్యి పెడుతున్నాడు. చుట్టూ తేనెటీగలు ముసురుతున్నాయి. ఎక్కినవాడి బొమ్మ గీసిన ఆ మహానుభావుడు, కింద నుంచుని తాడు పట్టుకున్నవాడెవరో గీయలేదు. చరిత్ర అంతటా ఇదే వరస. పైకెక్కినవాడికే బొమ్మ.

మన దగ్గరికి వద్దాం. ఏలూరుకి ఉత్తరంగా కామవరపుకోట పక్కన గుంటుపల్లి కొండలో క్రీస్తుకి పూర్వమే బౌద్ధ భిక్షువులు గుహలు తొలిపించుకున్నారు. అక్కడ ఉన్నవి మెట్లు. మెట్లకీ నిచ్చెనకీ పెద్ద తేడా ఉంది. మెట్లు కొండతోపాటే ఉంటాయి, ఎవరొచ్చినా ఎక్కనిస్తాయి. నిచ్చెన అలా కాదు. తెచ్చి వేసేవాడుండాలి, పని అయ్యాక తీసేసేవాడుండాలి. అందుకే కోటలున్న రాజులు మెట్లకి కాపలా పెట్టారు గాని, భయపడింది మాత్రం నిచ్చెనలకే. 1780 ఆగస్టులో పోఫామ్ అనే ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ ఎవరికీ లొంగదని పేరుపడ్డ గ్వాలియర్ కోటని రాత్రికి రాత్రి కొయ్య నిచ్చెనలు వేసి ఎక్కి పట్టేశాడు. జారకుండా, చప్పుడు కాకుండా సిపాయిల కాళ్లకి దూది కూరిన జోళ్లు తొడిగించారట. ఈనాటి నిచ్చెనల కాళ్లకి తొడిగే రబ్బరు బూట్ల వెనక ఉన్న ఊహా ఇదే. కోట పట్టినా, బూజు దులిపినా, జారితే కథ ఒకటే.

మా వైపు నిచ్చెనకి రాచరికం పట్టింది మటుకు కోటల వల్ల కాదు, ధాన్యం వల్ల. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. కాలువలు వచ్చాయి. కృష్ణ నీళ్లూ గోదావరి నీళ్లూ ఏలూరులో కలుసుకున్నాయి. నీళ్లొస్తే పంటొచ్చింది, పంటొస్తే ఎత్తొచ్చింది. వాకిట్లో ధాన్యం పురులు, దొడ్లో గడ్డిమేట్లు, పైన అటకలు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారం పెట్టాక ఆ తరహా బిళ్లపెంకు మెల్లిగా మన పల్లెలకీ దిగింది. తాటాకు కప్పైతే ఏడాదికో రెండేళ్లకో తిరగనేయించాలి. పెంకుటిల్లైతే ఏటా తొలకరికి ముందు పగిలిన పెంకులు ఏరి మార్చాలి. ఏ కప్పైనా నిచ్చెన లేనిదే గడవదు.

ఏజెన్సీ కొండల వెదురు తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చేది. ముదురు వెదురుబొంగులు రెండు ఎంచి, బెజ్జాలు పెట్టి, గట్టికర్ర మెట్లు దూర్చి, పైనా కిందా తాడుతో బిగించి కట్టేవారు. నిచ్చెనకి రంగు వెయ్యనిచ్చేవారు కాదు మా పెద్దలు. నూనె పట్టించేవారంతే. రంగు వేస్తే కర్రలో చీలిక కనపడదు. ఎక్కినప్పుడే తెలుస్తుంది, తెలిశాక లాభం లేదు. ఈనాటి భద్రతా నిపుణులు కూడా కొయ్య నిచ్చెనలకి రంగు పుయ్యొద్దనే రాస్తున్నారు. మా తాతలు వాళ్ల పుస్తకాలు చదవలేదు, వాళ్లు మా తాతల్ని చూడలేదు. రెండు పక్షాలవారూ ఒకే చోట పడి ఉంటారు.

నా చిన్నతనం కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో గడిచింది. వీధి మొత్తానికి పొడుగు నిచ్చెన ఒక్కటే. అది ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. ఎవరింటి గోడకి ఆనించి ఉంటే వాళ్లది. కావలసినవాళ్లు వచ్చి ఇద్దరు చెరోపక్కా భుజాన వేసుకుని పట్టుకుపోయేవారు. నిచ్చెన కావాలని అడగడమంటే మనిషి కావాలని అడగడమే. మోయడానికి రెండోవాడు కావాలి, వేశాక కింద పట్టుకోడానికీ వాడే కావాలి.

కల్లుగీతవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్లు నడుముకి మోకు, కాళ్లకి బందం వేసుకుని, తాడిచెట్టునే నిచ్చెన చేసుకుని ఎక్కిపోతారు. అదే తాడిచెట్టుని పడగొట్టి తొలిస్తే కొల్లేటి మీద తిరిగే తాటిదోనె అవుతుంది. నిలబెడితే ఎక్కడానికి, పడుకోబెడితే దాటడానికి. అనేక ప్రయోజనాల వస్తువంటే మడత నిచ్చెనొక్కటే కాదు సుమండీ!

బుడమేరూ తమ్మిలేరూ పొంగి కొల్లేట్లో పడితే, ఉప్పుటేరు ఆ నీళ్లు సముద్రానికి లాక్కుపోయేదాకా లంక గ్రామాలవారికి అటకే ఇల్లు. గింజలూ కాగితాలూ పసిపిల్లలూ ముందు పైకి వెళ్లేవి. అలాంటప్పుడు నిచ్చెన ఆఖరి మెట్టు దగ్గర చేతులు చాచి నుంచునేవాళ్లొకరూ, నీళ్లలో నుంచుని నిచ్చెన పట్టుకునేవాళ్లొకరూ. ఎవరు ఏ చోట ఉండాలన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా వీధిలో ఎక్కేవాడు ఒక మెట్టు మీద కాలు పెట్టి కిందికి చూడకుండానే ఒక మాట అడిగేవాడు. "పట్టుకున్నావా?" కిందవాడు "పట్టుకున్నా" అనాలి. అప్పుడు గాని రెండో కాలు లేచేది కాదు.

నాకు పదేళ్లప్పుడు మా బాబాయి పెంకులు సర్దడానికి ఎక్కాడు. తొలకరి జల్లు అంతకు ముందురోజే పడింది. పొద్దున్నే పేడతో అలికిన వాకిలి. "పట్టుకున్నావా?" అన్నాడు. "పట్టుకున్నా" అన్నాను. పట్టుకున్నాను కూడా. ఆయన సగం పైకి వెళ్లేసరికి వీధిలోంచి బాతుల మంద వచ్చింది. వందల బాతులు, వెనక గెడకర్రతో వాటిని తోలేవాడు. ఒక్క నిమిషం చూసొద్దామని చేతులు వదిలేశాను. నిమిషం కూడా కాదేమో. వెనక దభీమని చప్పుడైంది.

నిచ్చెన కాళ్లు తడి పేడ మీద జారిపోయాయి. బాబాయికి తుంటి దగ్గర ఎముక విరిగింది. మంచం మీద మోసుకెళ్లి, బస్సెక్కించి ఏలూరు తీసుకుపోయారు. మూడు నెలలు పడుకున్నాడు. ఆ తరవాత బతికినన్నాళ్లూ కుడికాలు ఈడుస్తూనే నడిచాడు. నన్ను ఎవరైనా ఏమైనా అనబోతే అడ్డుపడి, "నేల తడిగా ఉంది. చూసుకోవాల్సింది ఎక్కేవాణ్ణి నేను గదా" అనేవాడు.

మర్నాటి ఏడు మళ్లీ తొలకరి వచ్చింది. ఎవరు వద్దన్నా వినకుండా, పెంకులు తనే సర్దుతానని నిచ్చెన వేయించాడు. ఇంట్లో పదిమంది ఉన్నారు. అందర్నీ వదిలేసి నన్ను పిలిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఎప్పట్లాగే కిందికి చూడకుండా, "ఒరే అబ్బాయ్, పట్టుకున్నావా?" అన్నాడు. అప్పుడు నేనన్న "పట్టుకున్నా" నా గొంతులోంచి వచ్చిందో లేదో నాకిప్పటికీ అనుమానమే. ఆయన మాత్రం ఎక్కాడు.

చదువుకోసం ఏలూరు వచ్చాక నాకు ఒంటరి నిచ్చెనలు కనిపించాయి. కరెంటు రాక ముందు పట్టణాల్లో సాయంత్రమయ్యేసరికి చిన్న నిచ్చెన భుజాన వేసుకుని, కిరసనాయిలు డబ్బాతో వీధిదీపాలు వెలిగించుకుంటూ పోయే మనిషి ఉండేవాడని పెద్దలు చెప్పేవారు. ఏలూరుకి 1866 నుంచీ మునిసిపాలిటీ ఉంది మరి. నా కాలానికి ఆ దీపాలు పోయాయి గాని, సినిమా పోస్టర్లవాడు ఉన్నాడు. సైకిలుకి ఓ పక్క నిచ్చెన, ఇంకో పక్క మైదా జిగురు బక్కెట్టు, వెనక పోస్టర్ల కట్ట. పాత హీరో మొహం మీద కొత్త హీరో మొహం అంటించి చక్కాపోయేవాడు. పట్టుకునే మనిషి లేడు. సైకిలు చక్రాన్ని నిచ్చెన కాలికి అడ్డంపెట్టేవాడు. తాడేపల్లిగూడెం గోదాముల్లో హమాలీలకి అదీ లేదు. బస్తాలు నెట్టు కట్టేటప్పుడు బస్తాలే మెట్లు. ఎక్కుతూ ఉంటేనే నిచ్చెన పెరుగుతూ ఉంటుంది.

అక్కడ సీమలో కూడా ఈ 'పట్టుకునేవాడు లేకపోతే ఎలా' అన్న బెంగే మడత నిచ్చెనకి దారితీసి ఉంటుంది. 1862లో అమెరికాలో డేటన్ పట్టణానికి చెందిన జాన్ బాల్స్‌లీ అనే వడ్రంగి మడిచిపెట్టుకునే మెట్ల నిచ్చెనకి పేటెంటు తీసుకున్నాడు. రెండు పలకలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడడం దాని కిటుకు. గోడ అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు.

తరవాత రావలసింది తేలిక. అల్యూమినియం ఒకప్పుడు ఎంత ప్రియమంటే, 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభం కొనమీద కిరీటంలాగా చిన్న అల్యూమినియం ముక్క పెట్టి మురిసిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అనే ఇద్దరు కుర్రాళ్లు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా కరెంటుతో దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ 1863లోనే పుట్టి 1914లోనే పోయారు. 1970 దశకంలో హాల్ వింగ్ అనే అమెరికా వ్యాపారి జర్మనీలో చూసిన కీళ్ల నిచ్చెనని తన దేశం తీసుకుపోయి ప్రచారంలో పెట్టాడు. 1981లో మన తూర్పుకనుమల బాక్సైటు ఆధారంగా ఒరిస్సాలో నాల్కో సంస్థ పుట్టింది. కొండ ఎక్కడానికి వాడే నిచ్చెన కోసం కొండనే తవ్వుతున్నాం, చిత్తగించండి.

ఇక మడవడం సంగతంటారా? 2022 ఏప్రిల్లో మా పాత పశ్చిమ గోదావరి జిల్లాని కూడా మడిచారు. ఏలూరూ కొల్లేరూ ఒక పలకలో, తాడేపల్లిగూడెం భీమవరంతోపాటు ఇంకో పలకలో పడ్డాయి. మధ్యలో కీలు ఎక్కడుందో ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకే తెలియాలి.

నిచ్చెన కీలు మటుకు అందరికీ తెలిసితీరాలి. మా దానికి ఆరు కీళ్లున్నాయి. ఒక్కొక్కటీ 'టక్'మని పడాలి. ఆరు టక్కులు వినపడందే కాలు పెట్టకూడదు. ఒకప్పుడు "పట్టుకున్నా" అన్న మాట చేసిన పని ఇప్పుడు ఈ టక్కు చేస్తోంది. కాబట్టి కొనేటప్పుడు మెరుపు చూడకండి, కీళ్లు చూడండి. నాలుగుసార్లు మడిచి విప్పి వినండి. మెట్లకి గరుకుగాట్లు ఉన్నాయా, నాలుగు కాళ్లకీ రబ్బరు బూట్లున్నాయా, ఎంత బరువు ఓరుస్తుందని దానిమీద రాశారో చూడండి. ఐరోపా ప్రమాణం ప్రకారం నూట యాభై కిలోలు. ఆ లెక్కలో మీరొక్కరే కాదు, చేతిలో సున్నం బక్కెట్టు కూడా ఉంది.

గోడకి చేరేస్తే నాలుగడుగుల ఎత్తుకి అడుగు చొప్పున కాళ్లు దూరం జరపాలి. పన్నెండడుగుల ఎత్తున ఆనితే మూడడుగులు. మరీ దగ్గరగా వేస్తే వెనక్కి పడతాం, మరీ ఏటవాలుగా వేస్తే మా బాబాయిలాగా జారతాం. కప్పు మీదకి దిగేదైతే నిచ్చెన అంచుకంటే మూడడుగులు పైకి ఉండాలి, పట్టుకుని దిగడానికి. ఎక్కినా దిగినా మొహం నిచ్చెన వైపే. రెండు కాళ్లూ ఒక చెయ్యీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. బొడ్డు రెండు గడల మధ్యనే ఉండాలి. "ఇంకొక్క జానెడు" అని పక్కకి వంగినప్పుడే చాలామంది కింద పడ్డారు. దిగి జరుపుకుంటే పోయేది అర నిమిషం. ఏ రకంగా పడితేనేం, పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. ఈ వాక్యం మా ఆవిడ కంట పడకుండా ఉంటే బాగుండును.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. ముక్కోటి ఏకాదశి జాగారానికి మా ఇంట్లో వైకుంఠపాళీ ఆడేవారు. నిచ్చెనలకి పుణ్యాల పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు. అన్నిటికంటే పెద్దపాము పరమపదానికి దగ్గర్లోనే నోరు తెరుచుకుని ఉంటుంది. 1890 దశకంలో ఇంగ్లీషువాళ్లు ఈ ఆట తీసుకుపోయి పిల్లల ఆట చేసుకున్నారు. కాని పెద్దపాము పైనే ఉంటుందన్న సంగతి మనం మరిచిపోకూడదు. ఈనాటి పెద్దపాము కరెంటు తీగ.

1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చాక తీగలు ఊరూరా పాకాయి. కొబ్బరిచెట్ల మధ్య నుంచీ, డాబాల అంచుల వెంబడీ, కొల్లేటి చుట్టూ చేపల చెరువుల గట్ల మీదుగానూ పోతున్నాయి. వెదురు నిచ్చెన ఎండుగా ఉన్నంతకాలం కొంత కాపాడేది. అల్యూమినియానికి ఆ దయ లేదు. తీగల్లో వాడేదీ ఆ లోహమే గదా, తనవాళ్లని చూడగానే చెయ్యి కలిపేస్తుంది. ఏలూరు పక్కనే పెదవేగిలో పామాయిలు పరిశోధన సంస్థ ఉంది. చుట్టుపక్కలంతా ఆ తోటలే. చెట్లు పెరిగినకొద్దీ పొడుగు గెడలకి కొడవళ్లు కట్టి గెలలు కోస్తారు. గెడ తీగకి తగిలి మనిషి పోయాడన్న వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా, తేలికని కనిపెట్టినవాళ్లమీద నాకు కోపం వస్తుంది. అందుచేత నిచ్చెన ఎత్తే ముందు తలెత్తి చూడాలి. తీగ దగ్గర్లో ఉంటే లోహపు నిచ్చెన దించెయ్యాలి. పెద్ద గాలిలో విప్పనేకూడదు. నిలబెట్టిన నిచ్చెనని నిలబెట్టినట్టే మోసుకుపోకూడదు. పడుకోబెట్టి మొయ్యాలి. మా వీధివాళ్లు ఇద్దరు చేరి భుజాన వేసుకునేది బరువు కోసమే అనుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం మా కొత్త నిచ్చెన అటక కింద వేశాం. నేల తడిగా ఉందేమోనని వంగి చేత్తో తడిమి చూశాను. ఆరు టక్కులూ లెక్కపెట్టాను. మా ఆవిడ "ఏవండీ, అదే నిలబడుతుందిగా, ఇంకా ఏమిటి చాదస్తం" అంటూనే ఉంది. మనవణ్ణి పిలిచాను. వాడికీ పదేళ్లే. "రెండు చేతులతో పట్టుకోరా" అన్నాను.

"అక్కర్లేదని రాశారు తాతగారూ" అన్నాడు.

"రాసినవాళ్లు మన నేల చూళ్లేదురా" అన్నాను.

వాడు పట్టుకున్నాడు. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కిందికి చూడకుండా, "పట్టుకున్నావా?" అన్నాను. "పట్టుకున్నా" అన్నాడు.

నాలుగో మెట్టు మీద ఉండగా, హాల్లో వాడి ఆటల ఫోను మోగడం మొదలుపెట్టింది. వాడి స్నేహితులు, ఆదివారం ఆ వేళకి పిలుస్తారు. అది ఒకసారి మోగి ఆగింది. మళ్లీ మోగింది. బాతుల మందకంటే పెద్ద గోలే. నేను కదలకుండా నుంచుని కింద నిచ్చెన గడల వైపు చూశాను. చిన్న చేతులు రెండూ అక్కడే ఉన్నాయి, వేళ్లు బిగించి, తెల్లబడి.

"ఎక్కండి తాతగారూ" అన్నాడు వాడు.

ఎక్కాను.